ఆ పిల్లను ఈ మ్యాచ్‌కి కూర్చోబెట్టండి: బాస్కెట్‌బాల్ జట్లను నడిపేవారికి ఒక ఫిజియోథెరపిస్ట్ బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో బాస్కెట్‌బాల్ జట్లను ఎంపిక చేసే అధికారులకు, సంఘాల కార్యదర్శులకు, కోచ్‌లకు, వ్యాయామ ఉపాధ్యాయులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

మీలో చాలామంది సొంత డబ్బుతో బంతులు కొని, ఆదివారాలు కూడా గ్రౌండ్‌లోనే గడిపి పిల్లలను తయారుచేస్తున్నారు. ఆ కష్టం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ లేఖ అందరి ముందూ పెట్టాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఉన్న పిల్లలను అలాగే ఆడించొద్దని నేను, గాయపడిన పిల్లల తల్లిదండ్రులు కలిసి వినతిపత్రం ఇచ్చాం, గుర్తుచేస్తూ మళ్లీ రాశాం. అందిందన్న మాట కూడా రాలేదు.

నేను ఒక జిల్లా కేంద్రంలో ఫిజియోథెరపిస్ట్‌ని. కబడ్డీ, వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో ఒక బాస్కెట్‌బాల్ అమ్మాయి కోసం ఈ లేఖ రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను. ఆమె, ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నంత వరకే రాస్తున్నాను.

ఆ పిల్లకు 17 ఏళ్లు. దాదాపు ఆరడుగుల ఎత్తు. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి బట్టలు కుడుతుంది. బాస్కెట్ కింద ఈమె నిలబడితే రీబౌండ్ (బాస్కెట్‌లో పడకుండా తిరిగొచ్చే బంతి) అవతలి జట్టుకు దక్కదు. అంత పొడవు పిల్ల బంతి డ్రిబుల్ చేసుకుంటూ కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు తనే వెళ్లిపోగలదు. ఇలాంటి ఆట మన జిల్లాల్లో ఎప్పుడో గానీ కనిపించదు. 13 ఏళ్లప్పుడు మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. ఎదిగే వయసు, అదే పోతుందన్నారు. చిప్ప కింద ఎముక ఉబ్బి, నొక్కితే నొప్పి పుట్టే ఆ స్థితిని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. పరుగులు, గెంతులు ఎక్కువగా ఉండే ఆటలు ఆడే పిల్లల్లో మామూలే, చాలామందికి తగ్గిపోతుంది కూడా. కానీ తగ్గేదాకా గెంతులు తగ్గించాలి. ఈమెకు పెంచారు.

బాగా ఆడుతుంది కాబట్టే పెంచారు. అండర్-17 స్కూలు జట్టుకు ఆమే కావాలి. అదే ఏడాది అండర్-19కీ ఆమే కావాలి. సంఘం జూనియర్ జట్టులో ఆమె పేరు మొదటిది. వేసవి వస్తే ఇన్విటేషన్ టోర్నమెంట్లు. ఏ కోచ్ లెక్కలో చూసినా ఆయన జట్టు మ్యాచ్‌లే ఉంటాయి. అన్ని జట్ల మ్యాచ్‌లూ కలిసి ఒకే జత మోకాళ్ల మీద పడుతున్నాయని కూడి చూసినవాళ్లు లేరు. దున్నే ఎద్దునే పొడిచినట్టు, ఆడగలిగిన పిల్లనే మళ్లీ మళ్లీ ఆడించారు.

మన టోర్నమెంట్లు ఎలా నడుస్తాయో మీకు తెలియనిది కాదు. భోజనం, వసతి ఖర్చు తగ్గాలని అన్ని మ్యాచ్‌లూ రెండు మూడు రోజుల్లో ముగించేస్తాం. రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన పిల్లలు స్కూలు గదిలో నేలమీద పడుకుంటారు. పొద్దున లీగ్ మ్యాచ్, సాయంత్రం ఇంకోటి, మర్నాడు సెమీస్, అదే రోజు ఫైనల్. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం మ్యాచ్ అంటే 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. మిగతా పిల్లలను మార్చి మార్చి దింపుతారు, ఈమెను మాత్రం 40 నిమిషాలూ బయటికి తియ్యరు. కింద సిమెంటు. నొప్పి అంటే స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజ్ బిగించి, ఒక పెయిన్‌కిల్లర్ ఇచ్చి, 'ఈ ఒక్క మ్యాచ్ ఆడమ్మా' అంటారు. ఒక్క మ్యాచ్ అన్నమాట ప్రతి మ్యాచ్‌కీ అన్నారు. చివరికి ఎంఆర్‌ఐ తీస్తే చిప్ప కింది స్నాయువులో కొంత భాగం చిరిగి ఉంది, లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా దెబ్బతింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటోంది.

డబ్బుకూ డాక్టర్లకూ లోటు లేని అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కూడా ఇదే జరిగింది. అక్కడి నుంచి రెండు మూడు సంగతులు మీ ముందు పెడతాను.

బ్రాండన్ రాయ్ పోర్ట్‌లాండ్ జట్టు ఆటగాడు. 2007లో ఉత్తమ కొత్త ఆటగాడు, ఆ తర్వాత 2008, 2009, 2010లో వరసగా మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఎంపిక. 2010 ఏప్రిల్‌లో కుడి మోకాలి మెనిస్కస్ చిరిగితే ఆపరేషన్ అయింది. 8 రోజులకే ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మ్యాచ్‌లో దిగాడు. ఆ మ్యాచ్ గెలిచారు, సిరీస్ ఓడిపోయారు. 2011 జనవరిలో రెండు మోకాళ్లకూ ఆపరేషన్. ఆ ఏప్రిల్‌లోనే డల్లాస్ మీద ఒక్క చివరి క్వార్టర్‌లో 18 పాయింట్లు కొట్టి, చేజారిపోయిందనుకున్న మ్యాచ్‌ను తిప్పేశాడు. ఆ ఆట గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే డిసెంబరులో, 27 ఏళ్లకు, మోకాళ్లలో గుజ్జు మిగల్లేదని రిటైర్మెంట్ ప్రకటించాడు. ఏడాది తర్వాత మిన్నెసోటాకు తిరిగొచ్చినా 5 మ్యాచ్‌లకు మించి ఆడలేకపోయాడు. అదే పోర్ట్‌లాండ్ జట్టు 2007లో అందరికంటే ముందు ఎంచుకున్న గ్రెగ్ ఓడెన్ మోకాళ్ల ఆపరేషన్ల మధ్య ఎన్‌బీఏ మొత్తంలో ఆడింది 105 మ్యాచ్‌లు.

జోయెల్ ఎంబీడ్ కథ ఇంకా దగ్గరగా చూడాలి. ఫిలడెల్ఫియా జట్టు మొదట్లో అతన్ని ఒక మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడించాలో ముందే హద్దు పెట్టుకుంది. తొలి సీజన్ 2016–17లో సగటున 25 నిమిషాలే ఆడాడు. అంత జాగ్రత్తలోనూ మోకాలికి దెబ్బ తగిలాక 2017 జనవరిలో దేశమంతా టీవీలో చూసే ఒక మ్యాచ్‌లో దింపారు. మెనిస్కస్ చిరిగిందన్న సంగతి తర్వాత బయటపడింది. 31 మ్యాచ్‌లతో ఆ సీజన్ ముగిసింది. 2023లో అతను లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడు (ఎంవీపీ). ఆ మరుసటి సీజన్ నుంచి ఎన్‌బీఏలో కొత్త నియమం వచ్చింది: పెద్ద అవార్డులకు పోటీలో ఉండాలంటే కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలి. 2024 జనవరి చివర్లో మోకాలి నొప్పితో ఒక మ్యాచ్ మానేస్తే నలుమూలల నుంచి విమర్శలు వచ్చాయి. మూడు రోజులకు నొప్పితోనే ఆడాడు. అవతలి ఆటగాడు అతని కాలి మీద పడ్డాడు, ఎడమ మోకాలికి ఆపరేషన్. ఆ నియమం వల్లే గాయమైందని నేననను, పడిన మనిషి బరువు ఎవరి మోకాలినైనా దెబ్బతీస్తుంది. కానీ సరిగ్గా లేని కాలితో అతను ఆ రోజు కోర్టులో ఎందుకున్నాడన్న ప్రశ్న మిగిలే ఉంది. 2024–25లో ఆడగలిగింది 19 మ్యాచ్‌లు.

కవై లెనార్డ్‌ది వేరే దారి. తొడ కండరాన్ని మోకాలికి కలిపే స్నాయువు దెబ్బతిని 2017–18లో 9 మ్యాచ్‌లే ఆడిన మనిషిని, మరుసటి ఏడాది టొరంటో జట్టు 82 లీగ్ మ్యాచ్‌ల్లో 60కే వాడుకుంది. వరసగా రెండు రోజులు మ్యాచ్‌లుంటే ఒకదానికి కూర్చోబెట్టింది. 2019లో టొరంటో తొలిసారి చాంపియన్ అయింది, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. తర్వాత వేరే జట్టులో 2021లో మోకాలి లోపల ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్ తెగింది, కాబట్టి విశ్రాంతి అన్నిటికీ మందు అనను. కానీ 22 మ్యాచ్‌లు కూర్చోబెట్టినందుకు టొరంటో ఏమీ పోగొట్టుకోలేదు.

పిల్లల విషయంలో ఎన్‌బీఏ, అమెరికా జాతీయ సంఘం యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి 2016లో మార్గదర్శకాలు ఇచ్చాయి. 12–14 ఏళ్లవాళ్లకు మామూలుగా రోజుకు ఒక మ్యాచ్, వారానికి రెండు. ప్రాక్టీసుతో కలిపి వారానికి 10 గంటలు మించకూడదు. హైస్కూల్ వయసులో 14 గంటలు. వారంలో కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. 14 ఏళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టిపడేయొద్దు. ఇందులో కోట్లు పెట్టి కొనాల్సింది ఏదీ లేదు. మన మూడు రోజుల టోర్నమెంట్ పక్కన పెట్టి చూడండి.

వైద్యం గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే 'నొప్పి ఉంటే ఆట మానెయ్' అని ఫిజియోలు భయపెడతారని మీకు కోపం. నేను మానెయ్యమనను. పూర్తిగా పడుకోబెడితే స్నాయువు ఇంకా బలహీనపడుతుంది, తిరిగి దిగిన మొదటి వారంలోనే మళ్లీ లేస్తుంది నొప్పి. దానికి కావలసింది కొలత. ఆడిన మర్నాడు పొద్దున లేవగానే ఒంటికాలి మీద కొద్దిగా వంగి చూడమంటాను. నొప్పి పదిలో మూడుకు లోపు ఉండి, 24 గంటల్లో మామూలుకు వస్తే ఆ ఆట ఆ మోకాలు మోసింది. పెరిగితే మోయలేదు, ఆ రోజు గెంతులు లేవు. పక్కనే బరువుతో నెమ్మదిగా చేసే వ్యాయామాలు నెలల తరబడి సాగాలి. గోడకు వీపు ఆనించి కూర్చున్నట్టు 45 సెకన్లు నిలబడటం, ఐదుసార్లు. హాస్టల్ గదిలో ఖర్చు లేకుండా చేయొచ్చు. ఇలా నడిపిస్తే దీర్ఘకాలం నొప్పి ఉన్న ఆటగాళ్లు కూడా ఏళ్లపాటు ఆడతారు. స్నాయువులోకి నేరుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించి మ్యాచ్‌కి దింపడం మాత్రం ఘోరం. నొప్పి పోతుంది, స్నాయువు తెగే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు, మీరు జవాబివ్వని ఈ విషయం వల్ల ఎవరికి ఏం జరుగుతోందో చెబుతాను.

1. పిల్లలు నొప్పిని దాచడం నేర్చుకుంటున్నారు. మన దగ్గర ఆట అంటే సర్టిఫికెట్, సర్టిఫికెట్ అంటే క్రీడల కోటాలో సీటు, ఆపైన ఉద్యోగం. ఆటో నడిపే తండ్రికి కూతురి ఆటలో కనిపించేది అదే, అందులో తప్పేమీ లేదు. కానీ జాతీయ పోటీలకు వెళ్లే ఆ ఒక్క ఏడాది జట్టులో లేకపోతే అన్నేళ్ల ఆటకు కాగితం లేదు. అందుకని క్యాంపులో అడిగితే 'బాగానే ఉంది సార్' అంటారు. రాత్రి హాస్టల్లో వేడినీళ్ల గుడ్డ పెట్టుకుంటారు. ఎంబీడ్ లాంటివాడికే ఒక్క మ్యాచ్ మానేసినందుకు అన్ని విమర్శలు వచ్చాయంటే, 17 ఏళ్ల పిల్ల నోరు తెరుస్తుందని ఎలా అనుకుంటాం?

2. ఖర్చు ఇంటి మీద పడుతోంది. గెలిచినప్పుడు ఫొటోలో అందరూ ఉంటారు. ఎంఆర్‌ఐ డబ్బు తండ్రే కట్టాలి. ఆపరేషన్ అంటే అప్పే. తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీకి బస్సు చార్జీలు, తోడొచ్చే తల్లికి ఆ రోజు పని పోతుంది. చాలా కుటుంబాలు ఆపరేషన్ దాకా వచ్చి ఫిజియోథెరపీ దగ్గర ఆగిపోతాయి. అక్కడ ఆగితే ఆపరేషన్‌కు పెట్టిన డబ్బు కూడా వృథా.

3. ఇది ఆటతో పోయే నష్టం కాదు. మెనిస్కస్ చెడితే, ముఖ్యంగా దాన్ని కోసి తీసేస్తే, గుజ్జు త్వరగా అరుగుతుంది. మనవాళ్ల బతుకంతా కిందనే: నేలమీద కూర్చోవడం, నాట్లకు వంగడం, చాలా ఇళ్లలో గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి. 35 ఏళ్లకే బాసింపట్టు వేసుకోలేని మోకాళ్లతో ఆ అమ్మాయి ఇంకో 40 ఏళ్లు బతకాలి. అప్పటికి ఆ టోర్నమెంట్ ఎవరు గెలిచారో మనలో ఎవరికీ గుర్తుండదు.

4. ఆడపిల్లల మోకాళ్లకు ప్రమాదం ఎక్కువ. బాస్కెట్‌బాల్‌లో మోకాలి ముందువైపు లిగమెంట్ (ఏసీఎల్) తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో రెండు రెట్లకు పైనే అని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. దానికి తోడు తిండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువైన పిల్ల త్వరగా అలసిపోతుంది, అలసిన కాలు సరిగ్గా దిగదు. ఒక్క పిల్ల మోకాలు పోయిందంటే ఆ వీధిలో ఇంకో నలుగురు తల్లులు కూతుళ్లను గ్రౌండ్‌కి పంపడం మానేస్తారు. ఇది నేను కళ్లారా చూస్తున్నాను.

5. బెంచీ మీది పిల్లలు ఎదగడం లేదు. జట్టులో 12 మంది ఉంటే ఆడేది ఆరుగురు. ఆ ఒక్క పిల్ల పడిపోయిన రోజు జట్టూ పడిపోతోంది.

అందుకని ఈ కింది పనులు చేయమని కోరుతున్నాం. ఆలోచిస్తాం అని కాకుండా, చేస్తారా చేయరా అన్నది చెప్పండి.

1. పిల్ల ఎన్ని జట్లకు ఆడినా పుస్తకం ఒకటే ఉండాలి. ఏ తేదీన, ఏ జట్టుకు, ఎన్ని నిమిషాలు ఆడింది, మర్నాడు నొప్పి ఎంత అన్నది అందులో రాయాలి. స్కూలు, కాలేజీ, సంఘం, ఎవరు ఆడించినా అందులోనే సంతకం. హకీంపేట, కడప క్రీడా పాఠశాలలతో మొదలుపెట్టి జిల్లాలకు తీసుకురండి. దీనికి కావలసింది రూళ్ల నోటుపుస్తకం, పెన్ను.

2. అండర్-14, అండర్-17 పోటీల్లో ఒక పిల్లకు రోజుకు ఒక మ్యాచే ఉండాలి. టోర్నమెంట్ మరో రెండు రోజులు సాగితే అయ్యే భోజనం ఖర్చుకు దాతలను అడుగుదాం, నేనూ తిరుగుతాను. అంతవరకైనా, రెండు మ్యాచ్‌లున్న రోజున ఏ పిల్లనూ రెండింటిలో కలిపి 40 నిమిషాలు దాటి ఆడించొద్దని నియమం పెట్టండి.

3. మోకాలు నొప్పి అన్న పిల్ల ఆడాలా వద్దా అన్నది గెలుపుతో సంబంధం లేని డాక్టరో ఫిజియోనో రాతపూర్వకంగా చెప్పాలి. కోచ్ ఆ మాట దాటకూడదు. ఇది కోచ్‌ల మీద అనుమానంతో అడగడం లేదు. ఓడిపోతే పైవాళ్లు సంజాయిషీ అడిగే కోచ్‌కు కూడా ఈ కాగితమే రక్షణ. ఈ లేఖలో ఒక్కటే నెరవేరుతుందంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

4. ఎంపికైన తర్వాత గాయంతో ఆగిపోయిన పిల్లకు, డాక్టర్ ధ్రువీకరిస్తే, వచ్చే ఏడాది నేరుగా క్యాంపుకు పిలుపు ఇవ్వండి. వయసు దాటిపోయేవాళ్లకు ఏం చేయాలో ప్రభుత్వంతో మాట్లాడండి. ఇది లేనంతకాలం పైన చెప్పిన మూడూ కాగితం మీదే ఉంటాయి, ఎందుకంటే పిల్లలే అబద్ధం చెబుతారు.

5. కోర్టు పక్కన పెయిన్‌కిల్లర్, ఇంజెక్షన్ ఇచ్చి తిరిగి దింపడం నిషేధించండి.

6. ప్రతి ప్రాక్టీసుకూ ముందు 15–20 నిమిషాల వార్మప్ తప్పనిసరి చేయండి. రెండు మైదానం చుట్లు పరిగెత్తించడం కాదు. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడకుండా దిగడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరాలకు బలం. ఇలాంటి శిక్షణ అమ్మాయిల్లో లిగమెంట్ గాయాలను సగానికి తగ్గించగలదని పరిశోధనలు చెబుతున్నాయి. వ్యాయామ ఉపాధ్యాయులకు (పీఈటీలకు) ఏటా ఇచ్చే శిక్షణలో ఒక పూట దీనికి ఇవ్వండి.

7. లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లను 9 నెలల లోపు మ్యాచ్ ఆడించొద్దు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, 9 నెలల దాకా ఆగిన ప్రతి నెలకూ మళ్లీ గాయమయ్యే అవకాశం సగం చొప్పున తగ్గింది. 9 నెలలు నిండినా, రెండో కాలి బలంలో కనీసం 90 శాతం వచ్చాకే దింపాలి.

8. క్యాంపుకు పిలిచిన రోజు నుంచే పిల్లలకు బీమా ఉండాలి, అందులో ఫిజియోథెరపీ కూడా రావాలి.

మా అమ్మాయి, అలా అనడం నాకు అలవాటైపోయింది, ఇప్పుడు వారానికి మూడు రోజులు వ్యాయామాలకు వస్తోంది. తొందరపెట్టకపోతే తిరిగి ఆడగలదనే నా నమ్మకం. కానీ వచ్చే సెలక్షన్స్‌కు రమ్మని ఆమెకు అప్పుడే ఫోన్లు వస్తున్నాయి. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదట, ఎప్పుడొస్తావని అడిగారట. ఆమె ఈసారి రాదు. ఆ మాట నేను, ఆమె తల్లిదండ్రులు కలిసి చెబుతున్నాం. ఆ ఒక్క కారణంతో ఆమె పేరు జాబితా నుంచి శాశ్వతంగా కొట్టేయొద్దని మనవి.

వచ్చే ఎంపికలు మొదలయ్యేలోపు మూడో అంశం మీదైనా ఒక ఉత్తర్వు ఇవ్వండి. మా జిల్లాలో పీఈటీలకు, కోచ్‌లకు ఆదివారాల్లో ఉచితంగా శిక్షణ ఇవ్వడానికి నేను, నాతోపాటు పనిచేసే ఇద్దరు ఫిజియోథెరపిస్టులు సిద్ధంగా ఉన్నాం. స్థలం, తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్,
గాయపడిన క్రీడాకారుల తల్లిదండ్రుల తరఫున